రైఫిల్ తూటాల రీలోడింగ్: ఏ డై కొనాలి, ఎలా బిగించాలి

డీర్ సీజన్ దగ్గర పడుతోందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. “అన్నా, ప్రెస్ కొనేశా, డైలు ఏవి తీసుకోమంటావ్?” టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒకరు, హ్యూస్టన్ నుంచి ఇంకొకరు. రీలోడింగ్ అంటే పేలిన తూటా ఇత్తడి కేసును కొలతకు తెచ్చి మళ్లీ నింపుకోవడం. ప్రెస్ అంటే హ్యాండిల్‌తో నొక్కే యంత్రం, డై అంటే అందులో బిగించే అచ్చు. ఏదో ఒక బ్రాండ్ పేరు చెప్పి ఫోన్ పెట్టేయడం తేలికే గాని నేనలా చెప్పను. ఏ రైఫిల్? చేత్తో బోల్ట్ తెరిచి మూసే బోల్ట్ యాక్షనా, తూటాను దానంతటదే ఎక్కించుకునే సెమీ ఆటోనా? బ్రాస్, అంటే ఇత్తడి కేసు, నీ రైఫిల్లో పేలిందేనా, రేంజ్‌లో కింద ఏరుకొచ్చిందా? అడవి పందుల కోసమా, 300 గజాల దూరంలో కాగితం మీద పడే తూటా రంధ్రాల గుంపు చిన్నది చేయడానికా? వీటికి జవాబులొస్తే ఏ డై కావాలో దానంతటదే తేలిపోతుంది. రాకపోతే ఎంత ఖరీదైన సెట్ కొన్నా దండగే.

నేను బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పని నేర్చుకుని వచ్చినవాణ్ణి. ఇప్పుడు ఫోర్ట్‌వర్త్ దగ్గర ఒక మెషిన్ షాపులో ఉద్యోగం. కాబట్టి నా చూపు కొంచెం షాపు చూపే. అంగుళంలో వెయ్యో వంతును మేం ‘థౌ’ అంటాం, ఇక్కడా అదే వాడతాను.

పనిలోకి దిగే ముందు చట్టం సంగతి. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మేందుకు చేస్తే మాత్రం కావాలి. అయితే మనవాళ్లు చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం కింద నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లకు ఈ అడ్డు లేదు. వీసా మీద ఉంటే ప్రెస్ కొనకముందే లాయర్‌ను అడగండి, కొన్నాక కాదు. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకు ఒక్క మాట: 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. అక్కడ ఇది ఇంట్లో కూర్చుని చేసుకునే పని కాదు.

డై చేసే పనేమిటి

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పౌడర్, మూతిలో బుల్లెట్. పేలాక మళ్లీ పనికొచ్చేది ఇత్తడి కేసు ఒక్కటే. .308 విన్చెస్టర్ అనే తూటానే తీసుకుంటే, దాని ఒత్తిడికి పెట్టిన గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఆ దెబ్బకి కేసు ఉబ్బి ఛాంబర్ (రైఫిల్లో తూటా కూర్చునే చోటు) గోడలకు అతుక్కుంటుంది. ఒత్తిడి దిగగానే కొద్దిగా ముడుచుకుంటుంది, అందుకే బోల్ట్ ఎత్తితే బయటికి వస్తుంది. అలా వచ్చిన కేసు ఇంచుమించు మీ ఛాంబర్ కొలతలోనే ఉంటుంది. కొత్త బుల్లెట్ దాని మెడలో, అంటే మూతి దగ్గరి సన్న భాగంలో, నిలవదు, వదులైపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ కొలతకు తేవడం సైజింగ్ డై పని. బుల్లెట్‌ను లోతు చూసి కూర్చోబెట్టడం సీటింగ్ డై పని. రైఫిల్ సెట్ అంటే మామూలుగా ఈ రెండే.

సైజింగ్ డై లోపలికి కేసు వెళ్లేటప్పుడు ఒంటిని నొక్కుతుంది, భుజాన్ని (మెడ కింద వాలుగా ఉండే భాగాన్ని) కొంచెం వెనక్కి తోస్తుంది, మెడను బిగిస్తుంది, మధ్యలో ఉన్న పిన్ పాత ప్రైమర్‌ను కింద పడేస్తుంది. బయటికి వచ్చేటప్పుడు ఎక్స్‌పాండర్ బాల్ మెడలోంచి దూరి లోపలి వ్యాసాన్ని సరిచేస్తుంది. ఇన్ని పనులు ఒక్క హ్యాండిల్ ఊపులో జరుగుతాయి. డైలలో ఇన్ని రకాలు ఎందుకున్నాయంటే, ఈ పనుల్లో ఏది ఎంత చేయాలి, ఏది అసలు చేయకూడదు అన్నదాని మీద షూటర్లకు తలా ఒక అభిప్రాయం ఉంది కాబట్టి.

డై మరల గురించి బెంగపడక్కర్లేదు. 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 మరలు. ఏ కంపెనీ డై అయినా మామూలు సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో దిగుతుంది. .50 బీఎంజీ లాంటి పెద్దవాటికి వేరే సైజు.

ఫుల్ లెంగ్త్‌తోనే మొదలుపెట్టండి

నన్నడిగితే పది మందిలో తొమ్మిది మందికి ఒంటినీ భుజాన్నీ మెడనూ మొత్తం నొక్కే మామూలు ఫుల్ లెంగ్త్ సైజింగ్ డై చాలు. నెక్ సైజింగ్ అని ఇంకో పద్ధతి ఉంది, మెడను మాత్రమే బిగించి ఒంటిని ముట్టుకోరు. బ్రాస్ ఎక్కువ కాలం వస్తుంది, గుంపు చిన్నదవుతుంది అని చెబుతారు. బోల్ట్ యాక్షన్‌లో రెండు మూడు సార్లు బాగానే నడుస్తుంది. తర్వాత ప్రతిసారీ కేసు కొంచెం కొంచెం పెరిగి బోల్ట్ మూయడానికి అరచేత్తో తోయాల్సి వస్తుంది. అప్పుడు ఎలాగూ ఫుల్ లెంగ్త్ చేయాల్సిందే. జింక ఎదురుగా నిలబడ్డప్పుడు బోల్ట్ పట్టేస్తే వచ్చే టెన్షన్ ఎందుకు? పోటీల్లో దూరపు గురి కొట్టేవాళ్లు కూడా చాలామంది ఇప్పుడు ఫుల్ లెంగ్తే చేస్తున్నారు, భుజాన్ని కొలిచి మరీ తోస్తారు, అంతే తేడా.

సెమీ ఆటో అయితే చర్చే లేదు, ఫుల్ లెంగ్త్ తప్పనిసరి. అక్కడ కేసును లోపలికి తోసేది స్ప్రింగు, మీ చెయ్యి కాదు.

స్మాల్ బేస్ డై అని ఇంకోటి అమ్ముతారు. కేసు అడుగు భాగాన్ని మామూలు డై కంటే ఇంకాస్త ఎక్కువ నొక్కుతుంది. ఏఆర్ తరహా సెమీ ఆటో రైఫిల్ ఉంది కాబట్టి ఇదే కొనాలని షాపులో చెబితే నమ్మేయకండి. ముందు మామూలు డైతో సైజ్ చేసిన కేసును మీ ఛాంబర్‌లో వేసి చూడండి. సాఫీగా దిగితే స్మాల్ బేస్‌తో పనిలేదు. వేరేవాళ్ల రైఫిళ్లలో, వదులు ఛాంబర్లలో పేలిన రేంజ్ బ్రాస్ వాడేటప్పుడు, లేదా మీ ఛాంబర్ మరీ బిగుతుగా ఉన్నప్పుడు అది ఉపయోగం. ఊరికే వాడితే ఇత్తడిని ప్రతిసారీ అనవసరంగా నలిపినట్టవుతుంది.

అసలు పని భుజం దగ్గర

ఏ డై కొన్నా, బిగించే తీరులో తేడా వస్తే మంచి డై కూడా చెడ్డ డై లాగే పనిచేస్తుంది. డబ్బాలో వచ్చే కాగితంలో ఒకటే పాఠం ఉంటుంది: ర్యామ్ (ప్రెస్‌లో పైకీ కిందికీ కదిలే కడ్డీ) పూర్తిగా పైకెత్తండి, డై షెల్‌హోల్డర్‌కు (ర్యామ్ తల మీద కేసు అడుగును పట్టుకునే భాగం) తగిలేదాకా తిప్పండి, ర్యామ్ దించి ఇంకో ఎనిమిదో వంతో, పావో చుట్టు బిగించండి. లెక్క చూడండి. అంగుళానికి 14 మరలంటే ఒక చుట్టుకి 71 థౌ పైచిలుకు. పావు చుట్టు అంటే 18 థౌ. అందులో కొంత ప్రెస్ సాగడంలో పోతుంది, మిగిలింది ఎంతన్నది ఎవరికీ తెలీదు. పేలిన కేసు భుజం వెనక్కి వెళ్లాల్సింది బోల్ట్ రైఫిల్‌కి 2 థౌ, సెమీ ఆటోకి 3 నుంచి 5 థౌ.

అవసరానికి మించి భుజాన్ని వెనక్కి తోస్తే ఏమవుతుంది? ఛాంబర్‌లో కేసు ముందుకీ వెనక్కీ ఆడుతుంది. పేలినప్పుడు ముందు భాగం గోడకు అతుక్కుంటుంది, వెనక భాగం బోల్ట్ వైపు సాగుతుంది. సాగేది ఒకే చోట, అడుగుకి కొంచెం పైన. మళ్లీ తోస్తారు, మళ్లీ సాగుతుంది. కొన్నాళ్లకు అక్కడ బయటివైపు మెరిసే గీత లాంటి ఉంగరం కనిపిస్తుంది. అప్పటికే లోపల గాడి పడి ఉంటుంది. పేపర్ క్లిప్ ఒకటి సాగదీసి, కొసను చిన్న కొక్కెంలా వంచి, మొన తేల్చి, కేసు లోపల గోడ వెంట కింది నుంచి పైకి లాగండి. గాడి ఉంటే కొస టక్కుమని పడుతుంది. ఆ కేసును ప్లయర్స్‌తో నలిపి చెత్తలో వేయండి. దాన్ని మళ్లీ నింపితే రెండు ముక్కలై వేడి గ్యాస్ మీ మొహం వైపు రావచ్చు. షూటింగ్ గ్లాసెస్ పెట్టుకోమని పోరేది ఇందుకే.

కాబట్టి డై కంటే ముందు నేను కొనిపించేది 6 అంగుళాల క్యాలిపర్, దానికి బిగించే హెడ్‌స్పేస్ కంపారేటర్, అంటే కేసు అడుగు నుంచి భుజం దాకా కొలిచే పరికరం. .308కీ, 6.5 క్రీడ్‌మూర్‌కీ కంపారేటర్‌లో పెట్టే 0.400 అంగుళాల బుషింగ్ (రింగు), .223కి 0.330. వాడకం ఇలా.

మీ రైఫిల్లో పేలిన కేసులు ఐదారు తీసుకుని ముందు ప్రైమర్లు తీసేయండి. ప్రైమర్‌ను తీయడం మాత్రమే చేసే యూనివర్సల్ డీక్యాపింగ్ డై ఉంటే మంచిది, అది కేసును ఎక్కడా నొక్కదు. ప్రైమర్ కొంచెం బయటికి పొడుచుకొచ్చి ఉంటే కొలత తప్పుతుంది, అందుకు ఈ జాగ్రత్త. ఒక్కో కేసును కంపారేటర్‌లో పెట్టి భుజం కొలత రాసుకోండి. 1.630 వచ్చిందనుకుందాం. అందరి కంపారేటర్లూ ఒకే అంకె చూపించవు, దాని గురించి గాభరా పడొద్దు. మనకు కావాల్సింది తేడా మాత్రమే. 2 థౌ తగ్గించాలి కాబట్టి మనం చేరాల్సిన అంకె 1.628.

ఇప్పుడు డైని షెల్‌హోల్డర్‌కు తగిలించి, అక్కణ్ణుంచి పావు చుట్టు వెనక్కి తీయండి. లూబ్ (జారేందుకు పూసే మైనం లాంటిది) రాసిన కేసును సైజ్ చేసి, తుడిచి, కొలవండి. విచిత్రంగా కొలత పెరిగి 1.631, 1.632 చూపించవచ్చు. కంగారు వద్దు. ఒంటిని నొక్కితే ఇత్తడి ఎక్కడికో వెళ్లాలి కదా, భుజాన్ని ముందుకు తోసింది. డైని కొద్దికొద్దిగా దించుతూ పోండి. 2 థౌ దిగాలంటే తిప్పాల్సింది 10 డిగ్రీలు, లాక్ రింగ్ (డైని కదలకుండా పట్టే నట్టు) అంచు దగ్గర చూస్తే మూడు మిల్లీమీటర్లు కూడా కదలదు. అందుకే రింగు మీదా ప్రెస్ మీదా మార్కర్‌తో గీతలు పెట్టుకుంటే కన్ను పట్టుకుంటుంది. 1.628 రాగానే లాక్ రింగ్ బిగించేయండి, మళ్లీ ఇంకో కేసు సైజ్ చేసి చూసుకోండి, బిగించేటప్పుడు రింగు కదిలి ఉండొచ్చు. చివరగా ఆ కేసును ఖాళీగా రైఫిల్లో వేసి బోల్ట్ మూయండి. ఫైరింగ్ పిన్ అసెంబ్లీ తీసేసి చేస్తే వేలికి ఇంకా బాగా తెలుస్తుంది.

డై షెల్‌హోల్డర్‌కు గట్టిగా ఆనితేనే ప్రతి కేసూ ఒకేలా వస్తుందని కొందరి పట్టుదల. వాళ్ల కోసం రెడ్డింగ్ వాళ్లు 2 నుంచి 10 థౌ దాకా ఎత్తు ఎక్కువున్న ఐదు షెల్‌హోల్డర్ల సెట్ చేస్తారు. డై కదపకుండా షెల్‌హోల్డర్ మార్చి భుజం తోపు తగ్గించుకోవచ్చు. బాగుంటుంది, కానీ మొదటి ఏడాది కొనాల్సిన వస్తువు కాదు.

బుషింగ్ డై ఎవరికి

ఇక్కడే డబ్బు ఎక్కువ పోతుంది, కాబట్టి కొంచెం నిలిచి మాట్లాడదాం.

మామూలు డై మెడను ముందు అవసరానికి మించి నొక్కుతుంది. ఎలాంటి మందం ఉన్న ఇత్తడి వచ్చినా బుల్లెట్ బిగుసుకోవాలి కాబట్టి తయారీదారు అలా చేస్తాడు. తర్వాత ఎక్స్‌పాండర్ బాల్ దాన్ని మళ్లీ తెరుస్తుంది. లోపల లూబ్ లేకపోతే సబ్బు రాయకుండా చిన్న సైజు గాజును చేతికి ఎక్కించినట్టే ఉంటుంది, హ్యాండిల్ కీచుమంటుంది, మెడ ఒక పక్కకు లాగబడుతుంది. అలా మెడ వంకర పోతే బుల్లెట్ కూడా వంకరగా కూర్చుంటుంది.

బుషింగ్ డైలో మెడను నొక్కే భాగం విడిగా వచ్చే చిన్న ఉక్కు రింగు. ఒక్కో థౌ తేడాతో సైజులు దొరుకుతాయి. ఎంచుకోవడం తేలిక. బుల్లెట్ కూర్చోబెట్టిన తూటా మెడ బయటి వ్యాసం కొలవండి. 0.336 వచ్చిందనుకోండి, 2 థౌ తీసేస్తే 0.334 బుషింగ్. సెమీ ఆటో అయితే 3 థౌ తీయండి, పట్టు గట్టిగా ఉండాలి. పక్క సైజు కూడా ఒకటి కొనుక్కుంటే నయం, ఇత్తడి సాగి వెనక్కి వచ్చే గుణం ప్రతి బ్రాండ్‌లో ఒకేలా ఉండదు.

అయితే కొలతల పని చేసేవాడిగా ఒక విషయం గట్టిగా చెబుతాను. బుషింగ్ పట్టుకునేది మెడ బయటి వ్యాసాన్ని. బుల్లెట్‌కు తగిలేది లోపలి వ్యాసం. రెండింటి మధ్యా ఇత్తడి మందం ఉంది. ఆ మందం కేసు కేసుకీ మారితే బుషింగ్ ఎంత కచ్చితంగా ఉన్నా బుల్లెట్ పట్టు మారిపోతుంది. లపువా లాంటి మంచి బ్రాస్, ఒకే లాట్‌లోది వాడేవాళ్లకు బుషింగ్ డై న్యాయం చేస్తుంది. నాలుగు రకాల రేంజ్ బ్రాస్ డబ్బాలో కలిపేసుకునేవాళ్లకు మామూలు డై, ఎక్స్‌పాండర్ బాల్ ఉన్నదే నయం, ఎందుకంటే ఆ బాల్ లోపలి వ్యాసాన్ని సరిచేస్తుంది. ఖరీదైనది ఎప్పుడూ మేలైనది కాదనడానికి ఇంతకంటే తేట ఉదాహరణ నాకు దొరకదు.

మధ్యే మార్గం కూడా ఉంది. ఫోర్‌స్టర్ కంపెనీకి మీ ఫుల్ లెంగ్త్ డై పంపిస్తే, మెడ భాగాన్ని మీరు చెప్పిన వ్యాసానికి సన్నగా రుద్ది (హోన్ చేసి) ఇస్తారు. వాళ్ల డైలకే చేస్తారు. ఒకే బ్రాస్‌కు కట్టుబడి ఉండేవాళ్లకు ఇది బుషింగ్ కంటే నాకు నచ్చిన పద్ధతి, కదిలే భాగం లేదు. ఇంకోటి, లీ వాళ్ల కాలెట్ నెక్ డై. లోపల ఒక మ్యాండ్రెల్ (నున్నటి ఉక్కు కడ్డీ) ఉంటుంది, కాలెట్ (చీలికలున్న గొట్టం) వేళ్లు మెడను దాని మీదకి నొక్కుతాయి. లూబ్ అక్కర్లేదు, మెడ నిటారుగా వస్తుంది, ధర కూడా అందుబాటులోనే. ఒంటిని ముట్టుకోదు కాబట్టి దీనికి తోడు రెడ్డింగ్ బాడీ డై ఒకటి ఉంటే ఒంటినీ భుజాన్నీ అది చూసుకుంటుంది. పని రెండింతలు. ఓపిక ఉన్నవాళ్లకు.

కార్బైడ్, లూబ్

పిస్టల్ తూటాలు చేసినవాళ్లు కార్బైడ్ డైకి లూబ్ అక్కర్లేదని అలవాటు పడి ఉంటారు. అది నిటారు గోడల కేసుకి. మెడ సన్నగా ఉండే రైఫిల్ కేసుకి కార్బైడ్ డై అయినా లూబ్ రాయాల్సిందే. రాయకపోతే కేసు లోపల ఇరుక్కుంటుంది, హ్యాండిల్ బలంగా లాగితే అడుగు అంచు చిరిగి షెల్‌హోల్డర్‌లో ఉండిపోతుంది, కేసు డైలో మిగిలిపోతుంది. అప్పుడు అడుగున డ్రిల్ చేసి, ట్యాప్‌తో మర కోసి, స్క్రూతో లాగాలి. ఆర్‌సీబీఎస్ వాళ్లు దానికోసం ఒక కిట్టే అమ్ముతారు. తరచూ జరిగే పని కాబట్టే అమ్ముతారు మరి.

నేను వాడేది ఇంపీరియల్ మైనం. వేలి కొసకు తడి తగిలినంత తీసుకుని కేసు కింది సగానికి రాయాలి. భుజానికి వద్దు. భుజం మీద లూబ్ ఎక్కువైతే పోవడానికి దారి లేక ఇత్తడిలో చిన్న గుంటలు పడతాయి. చిన్న గుంట అయితే తర్వాత పేలినప్పుడు సర్దుకుంటుంది గాని, అది మీరు ఎక్కువ రాస్తున్నారని చెప్పే గుర్తు. మెడ లోపల నైలాన్ బ్రష్‌తో ఒకసారి తిప్పితే బాల్ కీచుమనడం ఆగుతుంది. సైజింగ్ అయ్యాక లూబ్ మొత్తం తుడవాలి, పౌడర్ వేసే ముందే.

సీటింగ్ డై

దీని గురించి జనం తక్కువ ఆలోచిస్తారు. లోపల ఉండే స్టెమ్ బుల్లెట్ మొనకు తగలకూడదు, పక్క వంపును పట్టుకోవాలి. పొడుగ్గా, సన్నగా ఉండే వీఎల్‌డీ తరహా బుల్లెట్లకు మామూలు స్టెమ్ సరిపోకపోతే మొన లోపల అడుగుకు తగులుతుంది, లేదా వంపు మీద ఉంగరంలా గీత పడుతుంది. వేరే స్టెమ్ విడిగా దొరుకుతుంది, డై మొత్తం మార్చక్కర్లేదు.

తూటా పొడవును మొన దగ్గర కొలిచి ఎగుడుదిగుడు వస్తోందని డైని తిట్టొద్దు. బుల్లెట్ మొనలే ఒకే పొడవుండవు. వంపు దగ్గర కొలిచే కంపారేటర్ వాడండి. .308కి మ్యాగజైన్‌లో పట్టే పొడవు మామూలుగా 2.800 అంగుళాల దగ్గర, అమెరికా ప్రమాణ పట్టికలోని గరిష్ఠ కొలత 2.810.

పైన మైక్రోమీటర్ తల ఉన్న సీటింగ్ డైలు, జారే స్లీవ్ ఉన్నవి రెడ్డింగ్, ఫోర్‌స్టర్ చేస్తారు. స్లీవ్ కేసునూ బుల్లెట్‌నూ ముందే ఒక వరుసలో పెట్టి తర్వాత తోస్తుంది. రకరకాల బుల్లెట్లు మార్చేవాళ్లకు మైక్రోమీటర్ నిజంగా సుఖం, అంకె రాసుకుని మళ్లీ అదే అంకెకు తిప్పడమే. సంవత్సరమంతా ఒకే బుల్లెట్ వాడే వేటగాడికి మామూలు స్క్రూ తల చాలు. పౌడర్ నిండుగా ఉండి బుల్లెట్ కింద కరకరలాడే లోడ్లు మైక్రోమీటర్ సీటర్‌తో చేయొద్దని కొన్ని కంపెనీలే హెచ్చరిస్తాయి, స్టెమ్ దెబ్బతింటుంది.

ఇంకొకటి మర్చిపోవద్దు. చాలా సీటింగ్ డైలలో క్రింప్ చేసే, అంటే కేసు మూతిని బుల్లెట్ మీదకి నొక్కి బిగించే, మెట్టు కూడా లోపలే ఉంటుంది. డైని కేసు మూతికి తగిలేదాకా దించి, అక్కణ్ణుంచి ఒక చుట్టు వెనక్కి తీసి లాక్ చేస్తే క్రింప్ జోలికి పోదు. అది చేయకపోతే, పైగా కేసు పొడవు ఎక్కువైతే, మూతి నొక్కుకుపోయి భుజం ఉబ్బుతుంది, ఆ తూటా ఛాంబర్‌లో దిగదు. .308 కేసు గరిష్ఠ పొడవు 2.015, ట్రిమ్ చేస్తే 2.005కి. ఈ రెండు అంకెలూ బెంచ్ ఎదురుగా గోడకు అంటించుకోండి.

క్రింప్ డై విడిగా కావాలా అని అడుగుతారు. బోల్ట్ యాక్షన్‌కి వద్దు. గొట్టం మ్యాగజైన్ ఉన్న .30-30 లివర్ యాక్షన్‌కి కావాలి, బుల్లెట్లు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటాయి కాబట్టి. సెమీ ఆటోకి, గాడి ఉన్న బుల్లెట్ వాడితే తేలికపాటి క్రింప్ సరే.

బ్రాండ్ల సంగతి

లీ చవక, డబ్బాలో షెల్‌హోల్డర్ కూడా ఇస్తారు. వాళ్ల డీక్యాపింగ్ రాడ్‌ను పైన కాలెట్ పట్టుకుంటుంది, లోపల రాయి లాంటిది తగిలితే విరగకుండా పైకి జారుతుంది, మంచి ఆలోచన. లాక్ రింగ్ మాత్రం రబ్బరు ఓ రింగుతో నిలబడేది. కొలిచి పెట్టిన సెట్టింగ్ నిలవాలంటే హోర్నడీ వాళ్ల పక్క స్క్రూ బిగించే రింగు కొని మార్చుకోండి, నాలుగు డబ్బులే. హోర్నడీ నెబ్రాస్కాలోని గ్రాండ్ ఐలాండ్ కంపెనీ, 6.5 క్రీడ్‌మూర్‌ను 2007లో తెచ్చింది వాళ్లే, వాళ్ల ఎక్స్‌పాండర్ కోలగా ఉండి మెడలోంచి మెత్తగా వస్తుంది. ఆర్‌సీబీఎస్ 1943లో కాలిఫోర్నియా ఒరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్‌టన్ మొదలుపెట్టింది, వాళ్ల మామూలు ఫుల్ లెంగ్త్ సెట్ దశాబ్దాలు నడుస్తుంది. రెడ్డింగ్, ఫోర్‌స్టర్ ఒక మెట్టు పైన, లోపలి పాలిష్ చూస్తే తెలుస్తుంది.

నా ఓటు? ఒక బోల్ట్ .308, సీజన్‌కి వందో రెండొందలో తూటాలు, కొత్త బ్రాస్ అయితే ఫోర్‌స్టర్ లేదా ఆర్‌సీబీఎస్ ఫుల్ లెంగ్త్ సెట్, క్యాలిపర్, కంపారేటర్, ఒక మైనం డబ్బా. బడ్జెట్ బిగుతుగా ఉంటే లీ సెట్ కొని మిగిలిన డబ్బుతో కంపారేటర్ కొనండి గాని, ఖరీదైన డై కొని కొలవకుండా బిగించొద్దు.

కేలిబర్‌ను బట్టి రెండు జాగ్రత్తలు. 6.5 క్రీడ్‌మూర్‌లో చిన్న ప్రైమర్ ఉన్న లపువా బ్రాస్ వాడుతుంటే దాని ఫ్లాష్ హోల్ (ప్రైమర్ నిప్పు లోపలికి వెళ్లే రంధ్రం) 1.5 మిల్లీమీటర్లే, మామూలు డీక్యాపింగ్ పిన్ అందులో ఇరుక్కుని వంగుతుంది, విరుగుతుంది. సన్న పిన్ విడిగా తెప్పించుకుని, ముందే మార్చి మొదలుపెట్టండి. .223, .300 బ్లాకౌట్ రెండూ చేసేవాళ్లు డైలనూ, బ్రాస్‌నూ, తయారైన తూటాలనూ వేరువేరు డబ్బాల్లో, వేరువేరు రంగు మూతలతో పెట్టండి. బ్లాకౌట్ తూటా .223 రైఫిల్లో కొన్నిసార్లు దిగుతుంది, ట్రిగ్గర్ లాగితే రైఫిల్ పగులుతుంది.

పాత డైలు గన్ షోలలో సగం ధరకే దొరుకుతాయి. తీసుకోవచ్చు. పైన చెక్కిన కేలిబర్ పేరు చదవండి, డబ్బా మీద రాసింది నమ్మొద్దు. డీక్యాపింగ్ రాడ్, ఎక్స్‌పాండర్, సీటింగ్ స్టెమ్ మూడూ ఉన్నాయో లేవో చూడండి. ఫోన్ టార్చ్ వేసి లోపల తుప్పు ఉందేమో చూడండి, బయటి తుప్పు పర్లేదు. కొన్నాక బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఒక కేసు సైజ్ చేసి వేలి గోరు దాని ఒంటి మీద అడ్డంగా లాగండి. గోరుకు నిలువు గీత తగిలితే లోపల ఇత్తడి రజనో ఇసుక రేణువో అతుక్కుని ఉంది. మెత్తని పాలిష్ పేస్టు పూసిన గుడ్డను డ్రిల్‌కు చుట్టి తిప్పితే చాలాసార్లు పోతుంది. మెడ దగ్గర మాత్రం తిప్పొద్దు, అక్కడ ఒక్క థౌ పోయినా డై పోయినట్టే. అప్పటికీ గీతలు పడుతుంటే ఆ డైని తిరిగిచ్చేయండి.